రమ్ము, దాని జ్ఞాతులు: జూలూరుపాడు అటవీసీమనుండి ఒక పరిశీలనము

చెఱకురసమునుండి గాని, బెల్లమునుండి గాని, చక్కెర గడ్డకట్టగా మిగిలిన మొలాసిస్ అను నల్లని మడ్డినుండి గాని పులియబెట్టి, బట్టీపట్టి తీసిన మద్యమునకు రమ్మని పేరు. అందును, నూటికి 50 మొదలు 65 పాళ్లవరకు ఆల్కహాలు నిలిచియుండగనే, ఓక్ కొయ్య పీపాలో ఏండ్ల తరబడి మాగి, పలుచన కాకయే సీసాకెక్కిన దానిని ఈ వ్యాసమున తీక్ష్ణ రమ్మని వ్యవహరింతము. ఇది పశ్చిమ ద్వీపముల వస్తువనియు, మన పల్లెలకు దీనితో ఏ సంబంధమును లేదనియు సామాన్యముగ తలంతురు. ఖమ్మమునుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెమునకు పోవు త్రోవలో, ఒకప్రక్క పత్తిచేలును మిరపతోటలును, వేరొకప్రక్క అడవియు, వాని నడుమ కోయగూడెములును లంబాడీ తండాలును గల జూలూరుపాడు వంటి చోట నిలిచి విచారించినచో ఈ తలంపు నిలువదు. తీపి ద్రవ్యము, పులిసిన పానకము, బట్టీ, పీపాలో గడచిన కాలము అని రమ్మునకు నాలుగంగములు గలవు; వీనిలో మొదటి మూడును ఈ సీమవారు తరతరములుగ ఎఱిగినవే, నాలుగవది మాత్రమే ఇచ్చట లేదు. ఆ నాలుగవదానివలన ఏమి చేరుచున్నదో, దాని లేమివలన ఏమి పోవుచున్నదో నాలుకతోను నాసికతోను వేఱుపఱచి తెలిసికొనుటయే రమ్మును ఆస్వాదించుటలోని ప్రధానకార్యమని నా నిశ్చయము.

మన ధర్మశాస్త్రకారులు సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు విధములుగ విభజించిరి. బెల్లమునుండి పుట్టినది గౌడి, పిండినుండి పుట్టినది పైష్టి. మాధ్విని కొందఱు తేనెనుండియు, కొందఱు మధూకపుష్పమునుండియు పుట్టినదిగ వ్యాఖ్యానించిరి. వైద్యగ్రంథములు చెఱకురసమును కాచి పులియబెట్టిన శీధువును, కాచకయే పులియబెట్టిన శీధువును వేఱువేఱుగ పేర్కొని వాని గుణములను చర్చించినవి. నేడు మొలాసిస్ రమ్మునకును, పచ్చి చెఱకురసపు రమ్మునకును పాశ్చాత్యులు చూపుచున్న భేదము వంటి దానిని మన ప్రాచీనులు పులిసిన పానీయముల స్థాయిలోనే గుర్తించియుండిరన్నమాట. నేటి వ్యవహారమున గౌడికి సమీపమైనది బెల్లపుసారా. మాధ్వికి సమీపమైనది ఇప్పసారా. రెండును జూలూరుపాడు ప్రాంతమున ఎఱిగినవే కనుక, రమ్మును గూర్చిన విచారణకు ఇంతకంటె తగిన ప్రదేశము వెదకనక్కఱలేదు.

ఇప్ప

ఇప్పచెట్టు మాఘఫాల్గునములలో ఆకు రాల్చి, క్రొత్తచిగురు తొడుగుటకు ముందుగనే గుత్తులు గుత్తులుగ పూచును. ఆ పూవు తక్కిన పూవులవలె వాడిపోయి రాలునది కాదు. మీగడవన్నెతో, దళసరియై, రసము నిండిన చిన్న తిత్తివలె తెల్లవాఱుజామున నేలబడును. ఆ వేళకు గూడెముల స్త్రీలును పిల్లలును గంపలతో చెట్టు క్రిందికి చేరవలయును, లేనియెడల ఎలుగుబంట్లును దుప్పులును ముందుగ వచ్చును. పూవు కనబడుటకై చెట్టు క్రింది ఎండుటాకులను కాల్చు నలవాటు కలదు. ఆ నిప్పు ఒక్కొక్కప్పుడు అడవికి ప్రాకుటయు కలదు. ఎండబెట్టిన పూవులో సగమునకు మించి చక్కెరలే యుండుటచేత అది ఏడాది పొడుగున నిలువయుండు ఆహారము. కఱవుకాలమున కోయలకు అది అన్నము, పశువులకు మేత, పిల్లలకు చిరుతిండి. గింజనుండి తీసిన ఇప్పనూనె వంటకును దీపమునకును పనికివచ్చును. గిరిజన సహకార సంస్థవారు పూవును గింజను కొనుచున్నారు. ఆదిలాబాదు సీమలోని ఉట్నూరు ఆదివాసి స్త్రీలు ఇప్పపూవుతో లడ్డూలు చేసి పేరు గడించిరి. ఇంతటి వృక్షమును కేవలము సారాచెట్టుగ భావించుట దానికి చేసిన అన్యాయమే.

సారా కాచుటకై ఎండుపూవును కుండలో నీటితో నానబెట్టుదురు. పూవును అంటియున్న ఈస్టు తనంత తానే పనిచేసి, వేసవిలో నాలుగైదు నాళ్లలోను, చలికాలమున వారమునకు మించియు దానిని పులియజేయును. పిదప ఆ కుండను పొయ్యిమీద నుంచి, దానిమీద వేఱొక పాత్రను బోర్లించి, సందులను మట్టితో మెత్తి, ఆవిరిని వెదురుగొట్టము గుండ చన్నీళ్లలో నుంచిన మఱియొక పాత్రలోనికి పంపుదురు. ఆల్కహాలు 78 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరువలో మరగును, నీరు 100కు మరగును. ఈ వ్యత్యాసమే బట్టీ యొక్క సమస్త రహస్యము. తొలుత దిగునది మిక్కిలి ఘాటైనది. నిప్పుమీద చల్లినచో భగ్గున మండును, ఊరివారు బలమును పరీక్షించునది ఈ మంటతోనే. రానురాను బలము తగ్గి, తుదకు నీళ్లపసయే మిగులును. మొదటి దానిని, నడిమి దానిని, తుది దానిని వేఱుచేసి నడిమిది మాత్రమే గ్రహించుట ప్రపంచమందలి మేలైన బట్టీదారులందఱికిని సమానమైన విద్య. కోయల పండుగలలోను, పెండ్లిలోను, చావులోను దేవతలకును పెద్దలకును ముందుగ ఇంత ధారపోసి, ఆమీద తాము పుచ్చుకొందురు. దానివలన ఈ పానీయమునకు మర్యాదయు, మితియు ఏర్పడినవి. గోదావరి కొండలలోని కొండరెడ్లకు ఇట్టి స్థానము జీలుగు కల్లునకు కలదు.

బెల్లపుసారా

తెలంగాణమున గుడుంబా యనియు, కోస్తాలో నాటుసారా యనియు పిలువబడు దానికి మూలము నల్లబెల్లము. బెల్లమును నీట కరగించిన పానకమును పులియబెట్టి బట్టీపట్టినదే యిది. శాస్త్రరీత్యా దీనికిని పీపాలో పెట్టని తెల్లరమ్మునకును ద్రవ్యభేదము లేదు. ఈ మాట విని ఆశ్చర్యపడువారు కలరు. కాని చెఱకు ఒక్కటే, ఈస్టు ఒక్కటే, ఆవిరి ఒక్కటే అయినప్పుడు పుట్టినది వేఱగుట యెట్లు? భేదము శ్రద్ధలో కలదు. రహస్యముగ, రాత్రివేళ, పట్టుబడుదుమను భయముతో కాచువాడు తొలిభాగమును పాఱబోయడు, తుదిభాగమును విడువడు, మాగుటకు ఒక్కనాడైన ఓపడు. పానకములో నవాసారమును వేయుదురని జనులు ఏవగించుకొందురు. రసాయనదృష్టిచే చూడగా అది అమ్మోనియం క్లోరైడు, ఈస్టునకు కావలసిన నత్రజనిని అందించునది. పెద్ద కర్మాగారములలోను అమ్మోనియా లవణములను కొలతప్రకారము వాడుదురు. దోషము వస్తువులో కంటె, కొలతలేని వాడుకలోను, బజారులో దొరకు సరకు శుద్ధిలేమిలోను అధికముగ నున్నది.

తెలుగునేలపై చెఱకునకు తోడుగ బట్టీలు పెద్ద యెత్తున వెలసినది కోస్తాలో. పంతొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున సామర్లకోటలో నెలకొన్న దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ పేరులోనే చక్కెరయు సారాయు జంటగ నున్నవి. తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ సంస్థయు చక్కెరతోబాటు ఆల్కహాలు తయారీని చేపట్టెను. నిజాము రాజ్యమున బోధనులో 1937లో వెలసిన చక్కెర కర్మాగారము ప్రసిద్ధమే. అయినను ఈ కర్మాగారముల మొలాసిస్‌నుండి పుట్టినది చాలవఱకు రుచియు వాసనయు లేని ఆల్కహాలే; దానికి రంగును, పరిమళమును చేర్చి రమ్మని అమ్ముట దేశమంతట సాగిన పద్ధతి. కావున నలుపు చూచి వయస్సు నూహించుట కూడదు; మాడ్చిన చక్కెర రంగు ఏ తెల్లసారానైనను ఒక్క గడియలో ముదుసలిని చేయగలదు.

తెలుగువారికి రమ్ముతో గల వేఱొక బంధము చెమటతో ముడిపడినది. పంతొమ్మిదవ శతాబ్దిలో కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి మారిషసునకు కూలీలుగ పోయిన తెలుగువారు ఆ ద్వీపపు చెఱకుతోటలలో పనిచేసిరి. వారిని అచ్చట కోరంగీలనిరి. వారి సంతతివారు 1946లో మారిషసు ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొని భాషను నిలుపుకొనుచున్నారు. నేడు షామరేల్ వంటి చోట్ల చెఱకురసమునుండి తీసి, ఓక్‌లో మాగబెట్టు రమ్ములకు ఆ ద్వీపము పేరొందినది. రమ్ము చరిత్రను వ్రాయువారు తోటల యజమానుల పేళ్లను వ్రాసినంత శ్రద్ధతో కోతకాండ్ర పేళ్లను వ్రాయలేదు. ఆ కోతకాండ్రలో మనవారును ఉండిరను మాట తెలుగు విజ్ఞాన సర్వస్వమున నైన ఉండవలెను.

పులియుట, బట్టీ, పీపా

రమ్ము పరిమళమునకు మొదటి జన్మస్థానము పులియు తొట్టి. ఒకటి రెండు నాళ్లలోనే పులియుట ముగించినచో తేలికైన మద్యము పుట్టును. జమైకా ద్వీపమున వారములకొలది పులియనిచ్చి, బట్టీలో మిగిలిన పుల్లని మడ్డిని మరల చేర్చి, బాక్టీరియాలకును అవకాశమిత్తురు. వానివలన పుట్టిన ఆమ్లములు ఆల్కహాలుతో కలసి ఎస్టరులగును. మాగిన అరటి, అనాస, వార్నిషు వాసనలు వీనివే. హాంప్డెన్ వంటి ప్రాచీన బట్టీలలో శుద్ధ ఆల్కహాలు ఒక్క హెక్టోలీటరునకు 1,600 గ్రాములవఱకును ఎస్టరులు గల మద్యమును తీయుదురు. ఇట్టిది కుండబట్టీలోనే సాధ్యము. 1830లో ఈనియాస్ కాఫీ అను ఐర్లండు దేశీయుడు హక్కుపత్రము పొందిన స్తంభపు బట్టీ ఎడతెగక పనిచేసి, బలమైన, తేలికైన మద్యమును చవుకగ నిచ్చును. పరిమళము మాత్రము దానిలో చాలవఱకు జారిపోవును. కోయగూడెపు మట్టికుండ ఈ విషయమున జమైకా రాగికుండకు సోదరి.

పీపా రెండవ జన్మస్థానము. ఓక్ దక్కనులో స్వతస్సిద్ధముగ పెరుగు చెట్టు కాదు. అమెరికాలో పెరుగు తెల్ల ఓక్, ఐరోపా ఓక్ పీపాలకు ముఖ్యములు. తెల్ల ఓక్ కొయ్య నాళములు సహజముగనే పూడియుండుటచేత మద్యము కారిపోదు, గాలి మాత్రము మిక్కిలి సన్నగ చొచ్చును. బర్బను విస్కీని క్రొత్త పీపాలోనే మాగబెట్టవలెనని అమెరికా చట్టము కోరుటచే, ఒక్కమాఱు వాడిన 200 లీటర్ల పీపాలు లోకమందలి రమ్ముదారులకు దొరకుచున్నవి. లోపలివైపు కాల్చిన ఆ కొయ్యనుండి వనిల్లా వాసనగల వనిలిన్, లవంగము వాసనగల యూజినాల్, కొబ్బరి వాసననిచ్చు లాక్టోనులు, నోరు వగరుచేయు టానిన్లు దిగును; బొగ్గుపొర గంధకపు దుర్వాసనలను పీల్చుకొనును; గాలి తాకిడిచే కొన్ని ఘాటులు మెత్తబడును. అడవిలో టేకు, నల్లమద్ది, ఏగిస వంటి మేలైన కలప లెన్ని యున్నను, ఇట్టి పనికి వానిని పరీక్షించిన సంప్రదాయము ఇచ్చట ఏర్పడలేదు.

మాగుటలో ఎండ పాత్ర గొప్పది. స్కాట్లండులో ఏటేట నూటికి సుమారు 2 పాళ్లు ఆవిరియై పోవును. ఉష్ణదేశములలో అది 6 మొదలు 10 పాళ్లవఱకును ఉండవచ్చును. కొత్తగూడెము, ఖమ్మము ప్రాంతములలో వైశాఖజ్యేష్ఠములందు ఎండ 45 డిగ్రీలకు చేరుట పరిపాటి. ఇట్టి ఎండలో పీపా శీతలదేశములలోకంటె వేగముగ పనిచేయును. కొయ్యసారము వడిగ దిగును, మద్యము వడిగ తఱుగును. పన్నెండేండ్ల ఉష్ణదేశపు రమ్మునకు అదే వయస్సు గల శీతలదేశపు మద్యముతో పోలిక సరిపడదు. హర్యానాలోని ఇంద్రిలో పికాడిలీ సంస్థవారు చెఱకురసమునుండి తీసి, పన్నెండేండ్లు మాగబెట్టి, నూటికి 50 పాళ్ల బలముతో 2022లో విడుదల చేసిన చామీకర యను రమ్మును ఈ దృష్టితోనే పరిశీలింపవలెను. బెంగుళూరులో 1948లో స్థాపితమైన అమృత్ సంస్థవారు బెల్లమును ఆధారముగ చేసికొని రమ్ములు తీసిరి. 1954నాటినుండి దేశమంతట వాడుకలోనున్న ఓల్డ్ మంక్ రమ్ము 42.8 పాళ్ల బలము గలది.

ఈ 42.8 అను సంఖ్యకు వెనుక నొక చరిత్ర కలదు. పూర్వము నావికులు రమ్ముతో తడిపిన తుపాకిమందు మండినచో అది సరియైన బలమని గ్రహించిరని ప్రతీతి. ఆ బలమును 100 ప్రూఫ్ అనిరి, నేటి లెక్కలో అది నూటికి 57.1 పాళ్లు. దానిలో నాలుగింట మూడు వంతులు, అనగా 75 ప్రూఫ్, 42.8 పాళ్లగును. బ్రిటిషు నౌకాదళమున దినదినము పంచిన రమ్ము 54.5 పాళ్లది; ఆ పంపకము 1970 జులై 31న ఆగిపోయెను. తుపాకిమందు పరీక్షయు, మన గూడెపు నిప్పు పరీక్షయు ఒకే బుద్ధినుండి పుట్టినవి.

ఆస్వాదనము

తీక్ష్ణ రమ్మును రుచిచూచుటకు వేళను ఎన్నుకొనుట మొదటి పని. నడివేసవి మధ్యాహ్నమున జూలూరుపాడులో ఆల్కహాలు గిన్నెలో నిలువక ఎగసివచ్చి ముక్కును మొద్దుబఱచును. వేకువ గాని, చల్లని గది గాని తగినవి, పాతిక డిగ్రీలు మించరాదు. రెండవది, అన్నము. ఖమ్మము మిరపకాయకు పేరొందిన సీమ. మిరపలోని కాప్సైసిన్ నాలుకపై ఏ గ్రాహకములను మేల్కొల్పునో, ఆల్కహాలు వానినే మిక్కిలి సున్నితములుగ చేయును. 42 డిగ్రీల వేడికి గాని స్పందింపని ఆ గ్రాహకములు ఆల్కహాలు తాకిడిచే 34 డిగ్రీలకే స్పందించును గనుక, నోటి సహజోష్ణమే మంటగ తోచును. కారము తిన్న నోటికి ఈ మంట రెట్టింపగును. పచ్చడన్నము తిన్నవాడు మఱునాటివఱకు ఆగుట మేలు.

గిన్నె క్రింద వెడల్పును, మీద ఇఱుకును గలదై యుండవలెను. 15 మిల్లీలీటర్లకు మించి పోయనక్కఱలేదు. పోసి కొన్ని నిమిషములు కదలింపక ఉంచినచో మొదటి పచ్చి ఘాటు తొలగును. ముక్కును గిన్నెలో దూర్చక, అంచునకు జానెడు దూరమున నుంచి, పెదవులు కొంచెము తెఱచి, నెమ్మదిగ దగ్గఱకు తేవలెను. ఈ చోట తొందరపడినవానికి ఆల్కహాలు తప్ప మఱేమియు తెలియదు. ముందుగ తొట్టివాసనలు, అనగా మాగిన అరటి, అనాస, తడిబెల్లము. తరువాత పీపావాసనలు, అనగా వనిల్లా, ఎండుకొబ్బరి, లవంగము, కాలిన కొయ్య. వానికి అడుగున చెఱకు స్వభావము. పచ్చిరసపు రమ్ములో కోసిన గడ్డివాసన ఉండును. మొలాసిస్ రమ్ములో ముదురుపాకము. బెల్లపు రమ్ములో ఈ రెంటికి నడుమ, పొయ్యిమీది బెల్లపు పెనము దగ్గఱ నిలిచినప్పటి పొగతో కూడిన తీపి. ఈ మూడవదానిని గుర్తించుటలో తెలుగువాని ముక్కునకు పరదేశీయుని ముక్కుకంటె స్వాభావికముగనే అధికారము కలదు. ఆ వాసనలో పెరిగినవాడు దానిని నేర్వవలసిన పనిలేదు.

మొదటి గుటక రుచి కొఱకు కాదు, నోటిని సిద్ధపఱచుట కొఱకు. రెండు బొట్లు చాలును. రెండవ గుటకను నాలుకమీద పదిపండ్రెండు క్షణములు నిలిపి, మ్రింగిన పిమ్మట ముక్కుతో శ్వాస విడువవలెను. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, బట్టీనుండి దిగిన మద్యములో చక్కెర యుండదు. తీపిగ తోచునది పరిమళము చేయు మాయ, లేక తయారీదారు పిదప చేర్చిన చక్కెర. చేర్చిన చక్కెర పెదవులపై బంకగ మిగులును, పరిమళపు తీపి మిగులదు. ఆమీద గిన్నెలో బొట్టుబొట్టుగ నీరు చేర్చుచు మరల వాసన చూడవలెను. నీరు తగ్గినకొలది ఆల్కహాలు కొన్ని ఎస్టరులను తనలో బంధించి యుంచును. నీరు చేరగనే అవి పైకి లేచును. తీక్ష్ణముగ సీసాకెక్కించుటలోని మేలు ఇదియే: పలుచన చేయు అధికారము త్రాగువాని చేతిలో నుండును, 46 పాళ్లకు పైబడిన మద్యము చలికి మబ్బుగట్టదు గనుక, దానిని చల్లార్చి వడగట్టి పరిమళపు నూనెలను పోగొట్టవలసిన అవసరమును కలుగదు. మంటను ఓర్చుకొనుట వీరత్వమని భావించి నీటిని నిరాకరించువారు సగము రమ్మును గిన్నెలోనే విడుచుచున్నారు.

ఇప్పసారాను ఇదే క్రమమున పరిశీలించినచో దానిలో పీపావాసన లేకున్నను, ఎండుపూవు వాసన, ఎండుద్రాక్షను పోలిన పులుపుతీపి, కాచిన పొయ్యి పొగ, మట్టి స్పష్టముగ తెలియును. దీనిని శుద్ధముగ బట్టీపట్టి, లోకము ముందర మర్యాదగ నిలుపవచ్చునని చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీ నెలకొల్పిన ఆగేవ్ ఇండియా సంస్థ 2018లో తన ఇప్పసారాను వెలయించి నిరూపించినది. మధ్యప్రదేశ ప్రభుత్వము ఇప్పసారాను వారసత్వ మద్యముగ గుర్తించెను. గోవాలోని ఫెణి యను మద్యము 2009లోనే భౌగోళిక గుర్తింపు పొందినది. మన రాష్ట్రములలో చరిత్ర వేఱుదారిని నడచినది. కల్లుపై విధించిన పన్నును గుత్తదార్ల నిర్బంధమును 1879లో రంపలో పితూరీ రేపిన కారణములలో ముఖ్యమైనవి. ఆ పితూరీ భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమవఱకు ప్రాకెను. 1968 ఎక్సైజు చట్టము కాచుటను అమ్ముటను లైసెన్సు క్రిందనే ఉంచెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాకు ఎదురునిలిచిరి; 1993లో సారా అమ్మకమును, 1995లో సంపూర్ణముగ మద్యమును నిషేధించిరి; ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలెను. ఆ స్త్రీల కోపము న్యాయమైనది. అది గుత్తసారా కూలిడబ్బును మ్రింగుటపై పుట్టిన కోపము. గూడెపు పెద్దలు ధారపోసి పుచ్చుకొను ఇప్పసారాను దానితో ఒకే గాటను కట్టుట తగదు.

ఒక విషయమున మాత్రము ఏ సంప్రదాయమును మినహాయింపు కాదు. మృత్యువు కలిగించు మిథనాలు బెల్లపు పానకమున బహుస్వల్పముగనే పుట్టును. ప్రాణములు తీసిన సంఘటనలలో మిక్కిలిగ అది పరిశ్రమలనుండి కల్తీగ చేరినదే. దానికి ప్రత్యేకమైన రుచియు వాసనయు లేవు. దానిని ఎంతటి నేర్పరి నాలుకయు పట్టజాలదు, నిప్పు పరీక్షలో అదియు మండును, తొలిభాగమును పాఱబోసినను పూర్తిగ తొలగదు. అందుచేత పుట్టుక తెలియని సారాను ఆస్వాదనమునకు పెట్టుకొనరాదు. పరీక్షశాలలో తేల్చిన పిదపనే దానిని గిన్నెలో పోయవలెను.